జార్ ఉంది, క్లాస్ ఉంది, అయినా దొరకలేదు: జావా 11కి మారాక వచ్చిన ఒక క్లాస్‌లోడింగ్ ఎర్రర్

జావా 8 నుంచి 11కి మార్చిన ఒక పేమెంట్ సర్వీసులో వచ్చిన ఎర్రర్ గురించి ఇది. కావాల్సిన క్లాస్ జార్‌లోనే, అంటే కంపైలైన క్లాసులన్నీ కట్టి పెట్టే ఫైల్లోనే ఉంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అంతా పనిచేస్తుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోనూ పనిచేస్తుంది. ప్రొడక్షన్‌లో మాత్రం కొన్ని పాడ్‌లు (కుబర్నెటీస్ నడిపే సర్వీసు కాపీలు) బాగుంటాయి, కొన్ని పడిపోతాయి. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి అప్పటిదాకా బాగున్న పాడ్ కూడా పాడవుతుంది. ఇలాంటి కేసు చేతికి రాగానే అందరం పామ్ ఫైల్ (మావెన్ బిల్డ్‌కి లైబ్రరీల జాబితా ఉండేది) తెరిచి డిపెండెన్సీల మీద పడతాం. నా అనుభవంలో డైనమిక్‌గా లోడయ్యే క్లాసుల విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఏ థ్రెడ్ మీద, ఏ లోడర్ (క్లాసులను వెతికి తెచ్చే భాగం) వెతికింది అన్నది. జార్ ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ కేసు ఎలా విడిపోయిందో చెబితే ఆ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

సర్వీసు చేసే పని

కంపెనీలు తమ ఉద్యోగులకు, సప్లయర్లకు చేసే చెల్లింపులను ఈ సర్వీసు బ్యాంకులకు పంపుతుంది. పంపేది ఐఎస్ఓ 20022 ఫార్మాట్‌లోని ఎక్స్ఎమ్ఎల్. చెల్లింపు ఆదేశానికి పెయిన్.001 అనే మెసేజ్, బ్యాంకు నుంచి తిరిగొచ్చే స్టేటస్‌కు పెయిన్.002. జావా ఆబ్జెక్టులను ఎక్స్ఎమ్ఎల్‌గా మార్చడానికీ, ఎక్స్ఎమ్ఎల్‌ను తిరిగి ఆబ్జెక్టులుగా చదవడానికీ జాక్స్‌బీ వాడారు. అప్లికేషన్ స్ప్రింగ్ బూట్ 2 మీద రాసింది. లైబ్రరీలన్నీ లోపలే ఉండే ఒకే ఫ్యాట్ జార్‌గా కట్టి, కంటైనర్‌లో పెట్టి, కుబర్నెటీస్‌లో నడుపుతున్నారు.

కోడ్‌లో రెండు దారులున్నాయి. పెయిన్.001 తయారీ నేరుగా వెబ్ సర్వర్ అయిన టామ్‌క్యాట్ రిక్వెస్ట్ థ్రెడ్ మీదే జరుగుతుంది. పెయిన్.002 వచ్చినప్పుడు మాత్రం బ్యాంకును వెయిట్ చేయించకుండా వెంటనే సరే అని జవాబిచ్చి, చదివే పనిని కంప్లీటబుల్‌ఫ్యూచర్‌లోని సప్లైఅసింక్ మెథడ్‌కి అప్పగిస్తారు. ఆ మెథడ్‌కి ఎగ్జిక్యూటర్ (పనిని ఏ థ్రెడ్ల మీద నడపాలో చూసేది) ఇవ్వలేదు, అంటే జావా తనంతట తానే ఒకటి ఎంచుకుంటుంది. ఈ చిన్న వివరం గుర్తుంచుకోండి.

రెండు దారులూ వాడేది ఒకే హోల్డర్ క్లాస్‌ని. అందులో స్టాటిక్ ఫీల్డ్‌గా ఒక జాక్స్‌బీకాంటెక్స్ట్ ఉంది. ఆ డిజైన్‌లో తప్పేమీ లేదు. జాక్స్‌బీకాంటెక్స్ట్ తయారు చేయడం ఖర్చుతో కూడిన పని, అది థ్రెడ్‌సేఫ్ (ఒకేసారి చాలా థ్రెడ్లు వాడినా చెడదు) కూడా, కాబట్టి ఒక్కసారి చేసి పెట్టుకోవాలి. ఎక్స్ఎమ్ఎల్ రాసే మార్షలర్, చదివే అన్‌మార్షలర్ థ్రెడ్‌సేఫ్ కావు, వాటిని ఎప్పటికప్పుడు కొత్తగా తీసుకోవాలి. వాళ్లు సరిగ్గా అలాగే చేశారు.

జావా 11కి మారేటప్పుడు జాక్స్‌బీ గురించి కూడా ముందే ఆలోచించారు. జావా 6 నుంచి జేడీకేతోనే (జావా డెవలప్‌మెంట్ కిట్) వస్తున్న జాక్స్‌బీని 2017లో వచ్చిన జావా 9లో తీసేయబోతున్నట్లు గుర్తుపెట్టారు, 2018లో వచ్చిన జావా 11లో జెప్ 320 అనే మార్పు ప్రతిపాదన కింద తీసేశారు. అందుకే టీమ్ జాక్స్‌బీ ఏపీఐ జార్‌నీ, రన్‌టైమ్ జార్‌నీ డిపెండెన్సీలుగా చేర్చింది. కంపైల్ అయింది. యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాయి. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో బ్యాంకు సిమ్యులేటర్‌తో మొదటి నుంచి చివరిదాకా నడిపారు, సమస్య లేదు.

మొదట కనిపించింది

కంప్లెయింట్ కస్టమర్ల దగ్గర్నుంచి వచ్చింది. బ్యాంకులో డబ్బు జమైపోయింది, మన స్క్రీన్ మీద మాత్రం ఇంకా 'పెండింగ్' అనే ఉంది. జీతాల ఫైలు విషయంలో ఇలా జరిగితే అవతల మనిషికి ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. పెండింగ్ అని చూసి రెండోసారి పంపితే జీతం రెండుసార్లు పడుతుంది.

సప్లైఅసింక్ వెనక ఎక్సెప్షనలీ అనే మెథడ్ ఒకటి తగిలించి ఉంది. లోపల ఏం జరిగినా అది 'పెండింగ్' అనే స్టేటస్ తిరిగిచ్చి, లాగ్‌లో ఒక్క లైను రాస్తుంది. స్టాక్ ట్రేస్, అంటే ఎర్రర్ ఏ మెథడ్‌ల మీదుగా వచ్చిందో చూపే జాబితా, రాయదు. ఆ లైనులో ఉన్నది నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్, దాని పక్కన 'కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్' అని, ఆ తర్వాత మన హోల్డర్ క్లాస్ పేరు.

ఇంకో విచిత్రం. అదే పాడ్‌లో పెయిన్.001 తయారీ కూడా అదే ఎర్రర్‌తో పడిపోతోంది. బాగున్న పాడ్‌లో రెండు దారులూ బాగున్నాయి. పాడైన పాడ్‌లో రెండూ పోయాయి. కాబట్టి అసింక్రనస్ కోడ్‌తో దీనికి సంబంధం ఉంటుందని ఎవరికీ అనుమానం రాలేదు. డిప్లాయ్‌మెంట్‌లో ఏదో తేడా ఉందని, ఇమేజ్ సరిగ్గా దిగలేదని మీటింగ్‌లో మాట నడిచింది. ఆపరేషన్స్ చూసే అమ్మాయి అప్పుడే చెప్పింది: "ఇమేజ్ ఒకటే అన్నా, డైజెస్ట్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. టెస్ట్‌లో ఉన్నదే ఇక్కడా ఉంది." ఆ ఒక్క మాటతో సగం దారి తప్పకుండా బయటపడ్డాం. డైజెస్ట్ అంటే ఇమేజ్ వేలిముద్ర లాంటిది. బైట్లు ఒకటే అయినప్పుడు తేడా నడిచే తీరులో ఉండాలి.

ఒకే పేరుతో రెండు ఎర్రర్లు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్‌ని చదవడంలో తడబడేవాళ్లను చాలామందిని చూశాను.

క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ వచ్చిందంటే ఎవరో ఒక క్లాస్‌ని పేరుతో, అంటే స్ట్రింగ్‌గా అడిగారు. క్లాస్.ఫర్‌నేమ్ గానీ, ఏదో ఒక లోడర్ మీద లోడ్‌క్లాస్ గానీ పిలిచారు, ఆ లోడర్‌కి అది దొరకలేదు. నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ రెండు సందర్భాల్లో వస్తుంది. కంపైల్ అయినప్పుడు ఉన్న క్లాస్ నడిచేటప్పుడు దొరక్కపోతే వస్తుంది, అప్పుడు మెసేజ్‌లో స్లాష్‌లతో క్లాస్ పేరు మాత్రమే ఉంటుంది. రెండోది పూర్తిగా వేరే కథ. క్లాస్ దొరికింది, లోడ్ కూడా అయింది, కానీ దాని స్టాటిక్ ఇనిషియలైజర్ (క్లాస్‌ని మొదటిసారి వాడినప్పుడు ఒక్కసారే నడిచే కోడ్) నడుస్తుండగా ఎక్సెప్షన్ వచ్చింది. ఆ మొదటిసారి వచ్చేది ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్. జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) ఆ క్లాస్‌ని చెడిపోయినదిగా గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ ప్రయత్నించదు. ఆ తర్వాత ఎవరు ఆ క్లాస్‌ని ముట్టుకున్నా 'కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్' అనే మెసేజ్‌తో నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ ఇస్తుంది. ప్రాసెస్ చనిపోయేదాకా అంతే.

కాబట్టి 'కుడ్ నాట్ ఇనిషియలైజ్' అనే మాట కనిపిస్తే ఆ ఎర్రర్ దగ్గరే ఆగిపోవడం దండగ. అసలు కారణం అంతకుముందెప్పుడో వచ్చి పోయింది. పాడ్ లేచినప్పటి నుంచి లాగ్ తీసి, ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ అనే పదం కోసం వెతకాలి. మా కేసులో టీమ్ చూస్తున్నది కంప్లెయింట్ వచ్చిన గంట లాగ్‌ని. అసలు ఎర్రర్ అంతకు చాలా ముందే, పాడ్ లేచాక వచ్చిన మొట్టమొదటి పెయిన్.002 దగ్గరే పడి ఉంది.

క్యాచ్ బ్లాక్‌లో ఎక్సెప్షన్ అని రాసి ఉంటే ఇది అందులో చిక్కదని కూడా గుర్తుంచుకోవాలి. ఇది ఎర్రర్ జాతి, ఎక్సెప్షన్ జాతి కాదు. చాలా చోట్ల లాగ్‌లో స్టాక్ ట్రేస్ కనిపించకపోవడానికి ఇదే కారణం.

ఎర్రర్‌లో ఉన్న పేరు

ఎక్సెప్షనలీ రాయకపోయినా, హోల్డర్ క్లాస్ స్టాటిక్ బ్లాక్ తన ఎర్రర్‌ని స్టాక్ ట్రేస్‌తో ఒక్కసారి లాగ్ చేసి ఉంది. అలా దొరికిన అసలు ఎర్రర్ లోపల జాక్స్‌బీఎక్సెప్షన్ ఉంది. జాక్స్‌బీ ఏపీఐకి ఇంప్లిమెంటేషన్ మాడ్యూల్‌పాత్‌లో గానీ క్లాస్‌పాత్‌లో గానీ కనిపించలేదని దాని సారాంశం. దాని కింద క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్, దొరకని క్లాస్ పేరు కామ్.సన్.ఎక్స్ఎమ్ఎల్.ఇంటర్నల్.బైండ్.వీ2.కాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ.

టీమ్‌లో కొందరు ఈ లైను అంతకుముందే ఒకసారి చూశారు. ఆ పేరు పట్టుకుని వెతికి, జాక్స్‌బీ ఇంప్ల్, జాక్స్‌బీ కోర్ అనే జార్‌లు కూడా పామ్‌లో చేర్చారు. ఫలితం లేకపోగా ఒకే ప్యాకేజీ రెండు జార్‌లలో చేరింది. రన్‌టైమ్ జార్‌లోనూ, ఇంప్ల్ జార్‌లోనూ ఉండేవి అవే క్లాసులు. వెర్షన్లు వేరైతే రేపు నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌గా అది ఇంకో రోజును తినేస్తుంది.

ఆ పేరులో 'ఇంటర్నల్' అనే ముక్కను చూడండి. అది జేడీకే లోపల ఉన్న పాత జాక్స్‌బీ క్లాస్ పేరు. విడిగా తెచ్చుకునే రన్‌టైమ్ జార్‌లో ఆ పేరుతో క్లాసే ఉండదు. మరి ఎందుకు అడిగింది? జాక్స్‌బీ ఏపీఐ తన ఇంప్లిమెంటేషన్‌ని డైనమిక్‌గా వెతుక్కుంటుంది. ముందు జాక్స్‌బీ ప్రాపర్టీస్ ఫైలు, తర్వాత సిస్టమ్ ప్రాపర్టీ, తర్వాత సర్వీస్‌లోడర్, అంటే జార్‌లలోని మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్‌లో ఉండే చిన్న ఫైళ్లు. ఏదీ దొరక్కపోతే ఆఖరి ప్రయత్నంగా ఆ పాత పేరుని అడుగుతుంది. అంటే ఎర్రర్‌లో కనిపించే క్లాస్ మనకు కావాల్సిన క్లాస్ కానే కాదు. అంతకుముందు దశల్లో వెతుకులాట ఫలించలేదని మాత్రమే దాని అర్థం. ప్లగిన్‌లా వెతుక్కునే ఏ లైబ్రరీ విషయంలోనైనా ఈ తేడా పట్టుకోవాలి.

ఆ స్టాక్ ట్రేస్‌లో ఇంకో రెండు లైన్లు నాకు అసలు విషయం చెప్పాయి. క్లాస్‌నాట్‌ఫౌండ్ వచ్చిన చోట పైన క్లాస్‌లోడర్స్ లోపలి యాప్‌క్లాస్‌లోడర్ ఉంది. అట్టడుగున ఫోర్క్‌జాయిన్‌వర్కర్‌థ్రెడ్ రన్ అని ఉంది. వెతికిన లోడర్ ఎవరో, వెతికిన థ్రెడ్ ఏదో రెండూ అక్కడే రాసి ఉన్నాయి. స్టాక్ ట్రేస్‌ని మధ్యలో మన కోడ్ ఉన్న లైన్ల వరకే చదివి ఆపేసే అలవాటు వల్ల ఈ పై లైనూ, కింది లైనూ ఎవరి కంటా పడలేదు.

యాప్‌క్లాస్‌లోడర్‌కి ఏం కనిపిస్తుంది

స్ప్రింగ్ బూట్ ఫ్యాట్ జార్‌ని జావా కమాండ్‌తో నడిపితే, జేవీఎమ్ ఇచ్చే యాప్‌క్లాస్‌లోడర్‌కి ఆ జార్ పై అంతస్తు మాత్రమే కనిపిస్తుంది. అక్కడ ఉండేవి స్ప్రింగ్ బూట్ లోడర్ క్లాసులు. మన క్లాసులు బూట్-ఇన్ఫ్ కింద క్లాసెస్ ఫోల్డర్‌లో, లైబ్రరీ జార్‌లు బూట్-ఇన్ఫ్ కింద లిబ్ ఫోల్డర్‌లో ఉంటాయి. జార్ లోపలి జార్‌లను చదవడం యాప్‌క్లాస్‌లోడర్‌కి రాదు. అందుకే స్ప్రింగ్ బూట్ 2 లాంచర్ ముందు లేచి, లాంచ్‌డ్‌యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్ అనే సొంత లోడర్‌ని తయారు చేసి, మెయిన్ థ్రెడ్‌కి దాన్నే కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌గా పెట్టి, అప్పుడు మన మెయిన్ మెథడ్‌ని పిలుస్తుంది.

ఈ థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ జావా 1.2 నుంచీ ఉంది. మామూలుగా ఒక క్లాస్ ఇంకో క్లాస్‌ని వాడితే, మొదటిదాన్ని లోడ్ చేసిన లోడరే రెండోదాన్నీ వెతుకుతుంది. కానీ ఎక్కడో పైన ఉన్న ఏపీఐ, కింద అప్లికేషన్‌లో ఉన్న ఇంప్లిమెంటేషన్‌ని పట్టుకోవాలంటే ఆ పద్ధతి సరిపోదు. అందుకని ఏ లోడర్‌ని అడగాలో థ్రెడ్‌కే తగిలించి పెడతారు. సర్వీస్‌లోడర్‌కి లోడర్ ఏదో చెప్పకుండా పిలిస్తే అది నడుస్తున్న థ్రెడ్‌కి ఉన్న ఈ లోడర్‌నే వాడుతుంది. జాక్స్‌బీ ఏపీఐ సరిగ్గా అలాగే చేస్తుంది.

ఒక బీట్ పోస్ట్‌మ్యాన్‌ని ఇంకో బీట్‌లోని ఇంటి అడ్రస్ అడిగితే అలాంటి ఇల్లు లేదంటాడు. ఇల్లు ఊళ్లోనే ఉంటుంది, అతని దారిలో లేదంతే. యాప్‌క్లాస్‌లోడర్ చెప్పిన 'దొరకలేదు' అలాంటిదే.

ఇక ఫోర్క్‌జాయిన్ కామన్ పూల్, అంటే ఎగ్జిక్యూటర్ ఇవ్వనప్పుడు జావా మామూలుగా వాడే ఉమ్మడి థ్రెడ్ల గుంపు. జావా 8లో ఈ పూల్‌లో కొత్త థ్రెడ్ పుట్టినప్పుడు, దాన్ని పుట్టించిన థ్రెడ్ నుంచి కాంటెక్స్ట్ లోడర్ వారసత్వంగా వచ్చేది. కామన్ పూల్ ప్రాసెస్ అంతటికీ ఒకటే కాబట్టి ఒక అప్లికేషన్ లోడర్‌ని అది వదలకుండా పట్టుకుని మెమరీ లీక్‌లకు కారణమయ్యేది. జావా 9 నుంచి పద్ధతి మార్చారు. కామన్ పూల్ థ్రెడ్లకు సిస్టమ్ క్లాస్‌లోడర్‌నే, అంటే యాప్‌క్లాస్‌లోడర్‌నే కాంటెక్స్ట్‌గా పెడతారు. మంచి కారణంతో చేసిన మార్పే. కానీ ఫ్యాట్ జార్‌లో ఆ థ్రెడ్‌కి బూట్-ఇన్ఫ్ కింద ఉన్నదేదీ కాంటెక్స్ట్ లోడర్ ద్వారా కనిపించదు.

ఇప్పుడు 8 నుంచి 11కి మారినప్పుడు రెండు విషయాలు ఒకేసారి మారాయని గమనించండి. 8లో కామన్ పూల్ థ్రెడ్‌కి ఏ లోడర్ ఉన్నా పర్వాలేదు, ఆ 'ఇంటర్నల్' క్లాస్ జేడీకేలోనే ఉంది కాబట్టి ఆఖరి ప్రయత్నంలోనైనా దొరికేది. 11లో జాక్స్‌బీ జేడీకే బయటికి వచ్చింది, కామన్ పూల్‌కి కనిపించే ప్రపంచం చిన్నదైంది.

ఐడీఈలో, అంటే డెవలపర్ కోడ్ రాసే టూల్‌లో, ఎందుకు రాలేదో కూడా దీంతో తేలిపోతుంది. ఇంటెల్లిజె గానీ, మావెన్ టెస్టులు గానీ లైబ్రరీలన్నింటినీ మామూలు క్లాస్‌పాత్‌లో పరిచి నడుపుతాయి. అక్కడ యాప్‌క్లాస్‌లోడర్‌కే అన్నీ కనిపిస్తాయి.

కొన్ని పాడ్‌లే ఎందుకు

హోల్డర్ క్లాస్‌ని మొదట ఎవరు ముట్టుకున్నారన్నదే ఇక్కడ నిర్ణయించేది. పాడ్ లేచాక మొదట పెయిన్.001 రిక్వెస్ట్ వస్తే, టామ్‌క్యాట్ థ్రెడ్ మీద స్టాటిక్ ఇనిషియలైజర్ నడుస్తుంది. దాని కాంటెక్స్ట్ లోడర్ సరైనదే, జాక్స్‌బీకాంటెక్స్ట్ తయారవుతుంది, ఇక ఆ పాడ్ ఆయుష్షంతా కామన్ పూల్ థ్రెడ్లు కూడా తయారైన దాన్నే హాయిగా వాడుకుంటాయి. మొదట వచ్చింది పెయిన్.002 అయితే కామన్ పూల్ థ్రెడ్ మీద ఇనిషియలైజర్ పడిపోతుంది, క్లాస్ చెడిపోతుంది, ఆ తర్వాత టామ్‌క్యాట్ థ్రెడ్‌కి కూడా నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రరే. రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఎవరు ముందొస్తే వాళ్లదే రాజ్యం.

ఇంతవరకూ లెక్క సరిపోయింది. కానీ టెస్ట్ ఎన్విరాన్‌మెంట్? అక్కడ నడిచేది ఇదే ఫ్యాట్ జార్, ఇదే ఇమేజ్. పాడ్‌ని రీస్టార్ట్ చేసి, మొట్టమొదట పెయిన్.002 పంపి చూశాం. రాలేదు. మళ్లీ చేశాం. రాలేదు. అప్పటిదాకా చెప్పుకున్నదంతా నిజమైతే ఇక్కడ పడిపోయి తీరాలి. ఒక వివరణ అన్ని లక్షణాలకూ సరిపోకపోతే దాన్ని నమ్మి ఫిక్స్ పెట్టడం నాకిష్టముండదు, అందుకే ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాం.

రెండు ఎన్విరాన్‌మెంట్ల డిప్లాయ్‌మెంట్ ఫైళ్లు పక్కపక్కన పెడితే తేడా ఒక్కటే. టెస్ట్ పాడ్‌కి సీపీయూ లిమిట్ 2, ప్రొడక్షన్ పాడ్‌కి 4.

కంప్లీటబుల్‌ఫ్యూచర్ సోర్స్ తెరిచి చూస్తే జవాబు దొరికింది. ఎగ్జిక్యూటర్ ఇవ్వకపోతే అది ఎప్పుడూ కామన్ పూల్‌నే వాడుతుందని చాలామంది అనుకుంటారు. మేం నడుపుతున్న 11లో అలా కాదు. కామన్ పూల్ ప్యారలలిజం ఒకటి కంటే ఎక్కువైతేనే కామన్ పూల్, లేదంటే ఒక్కో పనికి ఒక్కో కొత్త థ్రెడ్. ప్యారలలిజం అంటే మామూలుగా జేవీఎమ్‌కి కనిపించే ప్రాసెసర్ల సంఖ్యలోంచి ఒకటి తీసేయడమే. కంటైనర్‌లో జేవీఎమ్ సీపీయూ లిమిట్‌ని చూసి ఆ సంఖ్య తీసుకుంటుంది. 2 ఉన్న చోట ప్యారలలిజం 1, కాబట్టి కొత్త థ్రెడ్. మామూలుగా పుట్టే కొత్త థ్రెడ్ తనను పుట్టించిన టామ్‌క్యాట్ థ్రెడ్ నుంచి కాంటెక్స్ట్ లోడర్‌ని వారసత్వంగా తెచ్చుకుంటుంది, జాక్స్‌బీ దొరుకుతుంది. 4 ఉన్న చోట ప్యారలలిజం 3, కాబట్టి కామన్ పూల్, కాబట్టి ఎర్రర్.

ఇది మాటల్లో ఆగిపోకుండా ల్యాప్‌టాప్‌లోనే నిరూపించాం. యాక్టివ్‌ప్రాసెసర్‌కౌంట్ అనే జేవీఎమ్ ఆప్షన్ ఉంది, మిషన్‌లో ఎన్ని కోర్లున్నా జేవీఎమ్‌ని మనం చెప్పిన సంఖ్యే నమ్మమంటుంది. అదే ఫ్యాట్ జార్‌ని 2 పెట్టి నడిపాం, మొదటి రిక్వెస్ట్‌గా పెయిన్.002 పంపాం, చదివింది. 4 పెట్టి అదే చేశాం, ప్రొడక్షన్‌లో ఉన్న ఎర్రర్ అక్షరం తేడా లేకుండా కళ్ల ముందు వచ్చింది.

ఆ రన్‌లలోనే ఒక లాగ్ లైను కూడా చేర్చాం. ఇలాంటి కేసుల్లో నేను మొదట రాయించేది ఈ లైనే: థ్రెడ్ పేరు, ఆ థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్, నడుస్తున్న క్లాస్‌ని లోడ్ చేసిన లోడర్. మూడూ పక్కపక్కన. పెయిన్.001 దారిలో థ్రెడ్ పేరు హెచ్‌టీటీపీ-నియో-8080-ఎగ్జెక్, కాంటెక్స్ట్ టామ్‌క్యాట్‌ఎంబెడెడ్‌వెబ్‌యాప్‌క్లాస్‌లోడర్. 2 సీపీయూలతో పెయిన్.002 దారిలో పేరు ఉత్తి 'థ్రెడ్' పక్కన ఒక అంకె, కాంటెక్స్ట్ మళ్లీ అదే టామ్‌క్యాట్ లోడర్. 4 సీపీయూలతో పేరు ఫోర్క్‌జాయిన్‌పూల్.కామన్‌పూల్-వర్కర్, కాంటెక్స్ట్ యాప్‌క్లాస్‌లోడర్. క్లాస్‌ని లోడ్ చేసిన లోడర్ మాత్రం మూడింటిలోనూ లాంచ్‌డ్‌యూఆర్ఎల్‌క్లాస్‌లోడరే. టామ్‌క్యాట్ లోడర్‌కి పేరెంట్ ఆ లాంచ్‌డ్‌యూఆర్ఎల్‌క్లాస్‌లోడరే, కాబట్టి మొదటి రెండు చోట్లా కాంటెక్స్ట్ లోడర్‌కి లైబ్రరీలన్నీ కనిపిస్తాయి. మూడో చోట యాప్‌క్లాస్‌లోడర్‌కి కనిపించవు, అదే మన జబ్బు.

ఏ క్లాస్ ఏ జార్ నుంచి వచ్చిందో చూడాలంటే జావా 9 నుంచి ఎక్స్‌లాగ్ ఆప్షన్‌కి క్లాస్, లోడ్ అనే ట్యాగ్‌లు కలిపి ఇవ్వాలి, పాత వెర్బోస్ క్లాస్ ఆప్షన్ చేసే పనే అది. ఇక్కడ దాని అవసరం తక్కువ పడింది. రెండు జార్‌లలో ఒకే క్లాస్ ఉన్నప్పుడు మాత్రం దాన్ని మించింది లేదు.

ఆ రాత్రికి చేసింది, తర్వాత చేసింది

కోడ్ మార్చి, టెస్ట్ చేసి, విడుదల చేసేలోపు పాడ్‌లు పాడవకుండా ఉండాలి. కామన్ పూల్ ప్యారలలిజాన్ని 1 చేసే సిస్టమ్ ప్రాపర్టీని జావా టూల్ ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ప్రొడక్షన్‌కి ఇచ్చి పాడ్‌లు తిప్పాం. ఎర్రర్ ఆగిపోయింది. ఇది తాత్కాలికమే. ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్ పుట్టడమంటే పైన హద్దు లేనట్టే, లోడ్ పెరిగితే ఇంకో ప్రమాదం. అయితే మన వివరణ ప్రొడక్షన్‌లోనూ నిజమేనని దీనితో రుజువైంది.

కామన్ పూల్‌కి మన సొంత థ్రెడ్ ఫ్యాక్టరీ ఇవ్వొచ్చు కదా అని ఒకరు అడిగారు. దానికి సిస్టమ్ ప్రాపర్టీ ఉంది. కానీ ఆ ఫ్యాక్టరీ క్లాస్‌ని లోడ్ చేసేది కూడా సిస్టమ్ క్లాస్‌లోడరే. మన క్లాస్ బూట్-ఇన్ఫ్ కింద ఉంటుంది, దానికి కనిపించదు. ఏ గోతిలోంచి బయటపడాలనుకున్నామో మళ్లీ అందులోనే పడతాం.

అసలు ఫిక్స్‌లో మొదటిది, స్టాటిక్ హోల్డర్‌ని తీసేసి జాక్స్‌బీకాంటెక్స్ట్‌ని స్ప్రింగ్ బీన్‌గా, అంటే స్ప్రింగే తయారు చేసి చూసుకునే ఆబ్జెక్టుగా చేయడం. అప్లికేషన్ లేచేటప్పుడే, సరైన కాంటెక్స్ట్ లోడర్ ఉన్న మెయిన్ థ్రెడ్ మీద అది తయారవుతుంది. తయారు కాకపోతే అప్లికేషన్ లేవదు, కొత్త పాడ్ రెడీ కాదు, కుబర్నెటీస్ రోలింగ్ అప్‌డేట్ అక్కడే ఆగి పాత పాడ్‌లు పని చేస్తూనే ఉంటాయి. చెల్లింపుల సర్వీసు సగం ఆరోగ్యంతో రిక్వెస్టులు తీసుకోవడం కంటే అసలు లేవకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

రెండోది, సప్లైఅసింక్‌కి సొంత ఎగ్జిక్యూటర్. థ్రెడ్ల సంఖ్యకీ క్యూకీ హద్దులు పెట్టి, థ్రెడ్ ఫ్యాక్టరీలో ప్రతి థ్రెడ్‌కీ కాంటెక్స్ట్ లోడర్‌ని మన అప్లికేషన్ క్లాస్‌ని లోడ్ చేసిన లోడర్‌గా చేత్తో పెట్టాం. వారసత్వంగా ఎలాగూ వస్తుంది కదా అని వదలొద్దు. పూల్‌లోని థ్రెడ్‌ని ఎవరు పుట్టిస్తారో ముందుగా చెప్పలేం, కామన్ పూల్ థ్రెడ్ మీద నుంచి పుడితే తప్పుడు లోడరే వారసత్వంగా వస్తుంది. ప్రతి పని లోపల కాంటెక్స్ట్ లోడర్‌ని మార్చి, ఫైనల్లీలో తిరిగి పెట్టే పద్ధతి కూడా పనిచేస్తుంది, కానీ కొత్తగా రాసే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. పూల్ దగ్గర ఒక్కసారి పెట్టడం నయం.

ఇంప్ల్, కోర్ జార్‌లను పామ్‌లోంచి తీసేసి, ఏపీఐ, రన్‌టైమ్ రెండే ఉంచాం. ఎక్సెప్షనలీలో 'పెండింగ్' తిరిగివ్వడం ఆపేశాం. బ్యాంకు ఇంకా చెప్పకపోవడం వేరు, చెప్పింది మనం చదవలేకపోవడం వేరు. రెండో దానికి వేరే స్టేటస్ పెట్టి, పూర్తి స్టాక్ ట్రేస్ లాగ్ చేసి, అలర్ట్ కట్టాం. ఈ కేసులో నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టింది ఆ పాత ఒక్క లైనే. క్లాస్‌లోడర్ గొడవ లేకున్నా అది ఏదో ఒకరోజు ఎవరి జీతాన్నో రెండుసార్లు పంపించేది.

కోడ్ మొత్తంలో ఎగ్జిక్యూటర్ లేని అసింక్ పిలుపుల కోసం, ప్యారలల్ స్ట్రీమ్‌ల కోసం వెతికాం. రోజు చివర రిపోర్టు మెయిల్ పంపే పని ఒకటి రన్‌అసింక్‌లో దొరికింది. జావామెయిల్ కూడా అటాచ్‌మెంట్ల కోసం కాంటెక్స్ట్ లోడర్ ద్వారానే వెతుకుతుంది. మల్టీపార్ట్ మిక్స్‌డ్ రకానికి ఆబ్జెక్ట్ డీసీహెచ్ (డేటా కంటెంట్ హ్యాండ్లర్) లేదంటూ వచ్చే ఎర్రర్ ఎప్పుడైనా చూసి ఉంటే, దాని వెనక చాలాసార్లు ఉండేది ఇదే జబ్బు. దాన్నీ కొత్త ఎగ్జిక్యూటర్‌కి మార్చాం. ప్యారలల్ స్ట్రీమ్‌లలో ఇంకో మెలిక ఉంటుంది. పనిలో కొంత పిలిచిన థ్రెడ్ మీదే నడుస్తుంది, కొంత కామన్ పూల్ మీద నడుస్తుంది. లిస్టులో కొన్ని ఐటమ్‌లు పాసై కొన్ని ఫెయిలైతే డేటాని అనుమానించే ముందు దీన్ని చూడండి. ఇక్కడ దొరికిన ప్యారలల్ స్ట్రీమ్ ఉత్త కూడికలు చేసేది, ఏ క్లాస్‌నీ పేరుతో వెతకదు, దాన్ని అలాగే వదిలేశాం.

చివరిగా బిల్డ్ పైప్‌లైన్‌లో ఒక దశ చేర్చాం. యూనిట్ టెస్టుల తర్వాత నిజమైన ఫ్యాట్ జార్‌ని యాక్టివ్‌ప్రాసెసర్‌కౌంట్ 4తో లేపి, మొదటి రిక్వెస్ట్‌గా పెయిన్.002 పంపి, వచ్చిన స్టేటస్ సరిచూస్తుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ పాడ్‌ల లిమిట్‌ని కూడా ప్రొడక్షన్‌తో సమానంగా 4 చేశారు. ప్రొడక్షన్‌లో పెట్టిన ప్యారలలిజం ప్రాపర్టీని కొత్త వెర్షన్ విడుదలతో పాటే తీసేశారు.